అరువిచ్చేవాడి కూరే పళ్లెంలోకి వస్తుంది

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మకు తోడుగా రేషన్ షాపుకి వెళ్లాను. కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర మా ఊరు. మిషన్ మీద అమ్మ వేలిముద్ర మూడుసార్లు పడలేదు. జన్మంతా కొడవలి పట్టిన వేలు, గీతలెక్కడ మిగిలుంటాయి! నాలుగోసారి కొంగుతో తుడిచి గట్టిగా అదిమితే పడింది. డీలరు తలెత్తకుండానే "రాగులు కావాల్నా? ఎన్ని కిలోలు తీసుకుంటే అన్ని కిలోల బియ్యం తగ్గిస్తా" అన్నాడు.

మూలన రాగుల సంచి ఉంది. దాని మూతి విప్పారు గానీ పెద్దగా తగ్గినట్టు లేదు. మేమున్న అరగంటలో రాగులు తీసుకున్నవాళ్లు ఇద్దరే. ఒకాయనకు షుగరు. ఇంకొకామె కూతురు కాన్పుకొచ్చి ఇంట్లో ఉంది. మూడో మనిషి మా అమ్మ, అదీ నేను పక్కన నిలబడి గిల్లితే. రెండు కిలోలు తీసుకుంది. ఇంటికొచ్చేదాకా ఒకటే మాట: "రెండు కిలోల బియ్యం పోగొడితివి కద మే."

ఇన్నేళ్లుగా నేను నలుగురిలో చెబుతూ వచ్చిన మాట ఒకటుంది. రేషన్లో బియ్యం తగ్గించి జొన్నలు, రాగులు, కొర్రలు ఇవ్వాలి, అప్పుడు తినేవాడికి ఆరోగ్యం, పండించేవాడికి ధర, రెండూ దక్కుతాయి అని. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడైతే ఆఫీసులో ఉపన్యాసమే ఇచ్చాను. మా సీమలో ఆ ఏడాదే రేషన్ బియ్యంలో కొంత భాగానికి బదులు రాగులో జొన్నలో ఇవ్వడం మొదలైంది కూడా. నేను కోరుకున్నదే జరిగింది. మరి సంచి ఎందుకు తగ్గలేదు?

ఆ సెలవుల్లో వారం రోజులు ఇదే ఆలోచన. తిరిగొచ్చేసరికి నా మాట పూర్తిగా మారలేదు గానీ, దాని మొదలు ఎక్కడుండాలో మారింది. ఏ గింజ ఇస్తున్నారన్న గొడవలో పడి, ఆ గింజ ఎవరి దగ్గర కొంటున్నారు, వాళ్లకు డబ్బు ఏ రోజు చేతికొస్తోంది అన్నది మనం అడగడమే మానేశాం.

రోకలి సంగతి

ముందు అమ్మ చెప్పింది రాయాలి, ఎందుకంటే దానికి నా దగ్గర జవాబు లేదు.

"కొర్రన్నం మంచిదని టీవీలో చెప్తాండారు. దంచేది ఎవరు?" అంది. కొర్రకు పొట్టు ఉంటుంది. రోట్లో పోసి ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేయాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. జొన్నలైతే తిరగలి. తెల్లారుజామున నాలుగింటికి లేచి విసిరితేగాని పొద్దునకి రొట్టెలు కావు. ఆ తర్వాత చేనికి పోవాలి. వరన్నం అంటే పండక్కి, పెళ్లికి, చుట్టం వచ్చినప్పుడు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకం గురించి రాజకీయం రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆకలి గురించి రాసినవాళ్లూ ఉన్నారు. అమ్మ చెప్పింది మాత్రం వేరు: "ఆ బియ్యం వచ్చినాక తెల్లార్లు నిద్రపోయినా." కడిగి ఎసట్లో పోస్తే అన్నం అయిపోతుంది. అంతకుముందు ఆమె రోజులో రెండు మూడు గంటలు గింజను తిండిగా మార్చడానికే పోయేవి. ఆ గంటలు తిరిగి ఆమెకు ఇచ్చింది వరి.

"పూర్వం మనవాళ్లు ఎంత ఆరోగ్యంగా తినేవాళ్లో" అని నిట్టూర్చేవాళ్లలో రోకలి పట్టినవాళ్లు ఎవరూ నాకు తగల్లేదు. నేనూ పట్టలేదు.

అలాగని బియ్యం ఏ హానీ చేయలేదనీ అనలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 57.6. అదే సర్వేలో ఆంధ్ర ఆడవాళ్లలో 36.3 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువున్నారు. కడుపు నిండుతోంది, ఒళ్లు వస్తోంది, రక్తం మాత్రం పట్టడం లేదు. మా వీధిలోనే నలభై దాటిన ఆడవాళ్లలో షుగరు బిళ్ల వేసుకోనివాళ్లను వెతకాలి.

ఈ రక్తహీనతకు ప్రభుత్వం కనిపెట్టిన మార్గం బలవర్ధక బియ్యం. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రకటించారు, 2024 మార్చికల్లా దేశమంతా రేషన్లోకి వచ్చేసింది. నూటికి ఒక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజ ఉంటుంది. మా ఇంట్లో జరిగేది చెబుతాను. అమ్మ బియ్యం చాటలో పోసుకుని వాకిట్లో కూర్చుంటుంది. కాస్త పసుపుపచ్చగా, వేరుగా కనిపించే గింజలన్నీ ఏరి పక్కన పడేస్తుంది. "ప్లాస్టిక్ బియ్యం కలుపుతాండారంట" అని ఆమెకు ఎవరో చెప్పారు. అది ప్లాస్టిక్ కాదమ్మా, మందులాంటిది అన్నాను. "మందు బియ్యంలో ఎందుకు కలుపుతారు, అడక్కుండా?" అంది. ఆ గింజలు కోళ్లు తిన్నాయి. మా కోళ్లకు రక్తహీనత ఉండదు.

మూడు కిలోల నూరు గ్రాములు

మా వదిన ఊళ్లోని ప్రైమరీ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె, ఇంకొకామె. నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం. గౌరవం అన్న ముక్క ఎందుకు తగిలించారో గాని, వేతనం అయితే అంతే.

2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాక 2003 నుంచి మన దగ్గర బడిలో వండి పెట్టడం మొదలైంది. తర్వాత పేర్లు చాలా మారాయి. గోరుముద్ద అన్నారు, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు. ఆ పేరు మీద నాకు అభ్యంతరం లేదు. లంకల గన్నవరంలో అర్ధరాత్రి వచ్చినవాడికీ అన్నం పెట్టిన మనిషి ఆవిడ. ఆవిడైతే బిల్లు కోసం ఎదురుచూసేవారు కాదు, అంతే తేడా.

ఒకరోజు పొద్దున్నే వదినతో పాటు ఆ వంటగదికి పోయాను. మొత్తం 62 మంది పిల్లలు. గోడ మీద చార్టు: ఒక్కో పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. అంటే రోజుకు మూడు కిలోల నూరు గ్రాముల కూరగాయలు. వదిన దగ్గర కాటా లేదు. చాటను చేత్తో ఎత్తి చూసి "సరిపోతాది" అంటుంది. నేను సంచితో సహా పక్క కొట్టుకు తీసుకెళ్లి తూచి చూశాను. మూడు కిలోల రెండొందలుంది. నూరు గ్రాములు సంచిదేమో.

ఆ రోజు దోసకాయ పప్పు. దోసకాయలు కాస్త వడిలి, తోలు ముడతలు పడి ఉన్నాయి. బడి ప్రహరీ అవతలే ఒకాయన టమోటా చేను. చెట్టు నిండా ఎర్రగా మాగిన కాయ. కొయ్యడం లేదు. ఆ వారం పత్తికొండ మార్కెట్లో రేటు పడిపోయింది, కోసిన కూలీకి కూడా రావని వదిలేశాడు. పత్తికొండ టమోటా సంగతి పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు, రెండేళ్లకొకసారైనా రోడ్డు మీద పారబోసిన ఫోటో వస్తుంది. గోడకు అటు కాయ కుళ్లుతోంది. గోడకు ఇటు కొట్టులో వారం నిలవున్న దోసకాయ.

"ఆయన దగ్గర కొనొచ్చు కదా వదినా?"

ఆమె పోపు గరిట తిప్పుతూనే చెప్పింది. "ఆయప్ప సాయంత్రానికి దుడ్లు అడుగుతాడు. పాపం, ఆయప్పకీ కూలోళ్లకు ఇయ్యాల్నే. నా బిల్లు ఎప్పుడొస్తాదో దేవునికి తెల్సు. శెట్టి అయితే రాసుకుంటాడు."

నాకు ఆ ఒక్క మాటతో చాలా తెలిసింది. లెక్క వేసి చూడండి. కేంద్రం పెట్టిన రేటు 2025 మే నుంచి ప్రైమరీ పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి, మా రాష్ట్రంలో గుడ్డు, చిక్కీ కూడా వేరే. పప్పు, నూనె, కూర, ఉప్పు, పొయ్యి ఖర్చు ఇందులోనే. 62 మందికి రోజుకు 420 రూపాయలు. రెండు నెలలు బిల్లు ఆగితే 18 వేలు దాటుతుంది. నెలకు 3000 వచ్చే మనిషి 18 వేలు అప్పు మోస్తూ వండుతోంది. ఆ అప్పు ఎవరు పెట్టగలరో వాళ్లే ఆ బడికి సరఫరాదారు. ఊళ్లో అది ఒక్క శెట్టి. ఆయన చెడ్డవాడేం కాదు, వడ్డీ కూడా వేయడు, రేటు మీద రూపాయో రెండో ఎక్కువ రాస్తాడు. ఆయన ఆయన పద్ధతిలో 62 మంది పిల్లలకు అన్నం పెడుతున్నాడు.

మరి శెట్టి కొట్లో ఏం ఉంటాయి? నిలవుండేవి. ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు, దోసకాయలు, గుమ్మడికాయలు. ఆకుకూర ఉండదు, సాయంత్రానికే వాడిపోతుంది గనక తెప్పించడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మడి కట్టుకుని గోంగూర, చుక్కకూర, మెంతికూర వేస్తారు, పొద్దున్నే గంపలో వీధుల్లో అమ్ముతారు. వాళ్లకు చేతిలో పది రూపాయలు పెడితేనే కట్ట. ఆకుకూర అరువుకు దొరకదు. రక్తహీనత ఉన్న ఊళ్లో, ఆకు పండే ఊళ్లో, బడి పప్పులో ఆకు పడకపోవడానికి కారణం ఇదీ. ఇనుము కలిపిన గింజను ఎక్కడో మిల్లులో తయారుచేసి లారీల్లో పంపడానికి మనకు ఓపిక ఉంది. పది కట్టల గోంగూరకు పొద్దున్నే చేతిలో వంద రూపాయలు పెట్టడం మాత్రం మన వల్ల కాలేదు.

గుడ్డు గురించి ఒక మాట. అది లారీలో వస్తుంది, పెంకు మీద రంగు ముద్ర వేసి. మా ఊరి కోళ్లది కాదు. అయినా నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. పెంకు ఒలిచి పళ్లెంలో వేస్తే పిల్లవాడు పచ్చసొన ముందు తింటాడా, తెల్లసొన ముందు తింటాడా అని చూడటం నాకు ఆ వారంలో ఇష్టమైన పని. ప్రతిదీ ఊళ్లోదే కావాలనే పట్టుదల మంచిది కాదు. దూరం నుంచి వచ్చినా చెడకుండా, కల్తీ కాకుండా, లెక్కకు సరిగ్గా అందేది రానివ్వండి. దగ్గర్లో ఉండి కుళ్లిపోయేదాన్ని మాత్రం దగ్గర్లోనే కొనాలి.

జహీరాబాద్ ఆడవాళ్లు చేసింది

ఇది కొత్త ఆలోచనేం కాదు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల్లోనే బియ్యానికి బదులు జొన్నతో సొంత రేషన్ నడిపారు. బీడు పడ్డ చెలకలను బాగుచేసుకోవడానికి రైతుకు డబ్బు అప్పుగా ఇచ్చారు, ఆ అప్పును గింజల రూపంలో తీర్చమన్నారు. వచ్చిన జొన్నలు ఊళ్లోనే నిలవపెట్టి, పనుల్లేని వానాకాలం రోజుల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేద అన్నది ఊరే కూర్చుని తేల్చింది. ఆ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయినప్పుడు అందరూ ఆయనను చిరుధాన్యాల మనిషి అని రాశారు. నాకైతే ఆ ఏర్పాటులో జొన్న కంటే ముందు కనిపించేది ఆ అప్పు. పైసలు పంటకు ముందే రైతు చేతికి వెళ్లాయి. మా వదినకు జరుగుతున్నదానికి సరిగ్గా తలకిందులు.

ఒడిశావాళ్లు 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, రాగులను మద్దతు ధరకు కొని, గిరిజన జిల్లాల్లో రేషన్ కార్డుల మీద ఇచ్చారు. అక్కడా నాకు నచ్చింది రాగి కాదు, ఊళ్లలో మహిళా సంఘాల చేతికి గింజ దంచే, ఆడించే మిషన్లు ఇవ్వడం. మా అమ్మ ప్రశ్న ఎవరో ముందే విన్నట్టుంది.

బ్రెజిల్ ఇంకో అడుగు వేసింది. 2009లో చట్టమే చేసింది: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గరే కొనాలని. ఏం తినాలో పిల్లలకు ఉపదేశం ఇవ్వలేదు. కొనేవాడి చెయ్యి ఎటు తిరగాలో చెప్పింది. పిల్లలు దేశమంతా తింటారు గనక ఆ చెయ్యి పెద్దది.

మన దగ్గర మద్దతు ధరలు చూస్తే ఎవరైనా రాగి వేయాలనే అనుకుంటారు. 2025-26కి వరి క్వింటాలు 2369, జొన్న 3699, రాగి 4886 రూపాయలు. మరి మా అన్న రాగి ఎందుకు వేయడు? అడిగాను. "ఆ రేటుకు కొనేటోన్ని చూపించు, రేపే వేస్తా" అన్నాడు. వరి పండే మండలాల్లో కోతలు కాగానే కొనుగోలు కేంద్రం తెరుచుకుంటుంది, తేమ మిషన్లు వస్తాయి, మిల్లు వస్తుంది, ఆలస్యమైతే ధర్నా కూడా జరుగుతుంది. రాగికి ధర్నా చేసేవాడు కూడా లేడు. పైగా జొన్న కంకి పాలు పట్టిందంటే పిట్టలు. ఊళ్లో అందరూ వేస్తే పిట్టలు పంచుకుంటాయి, ఒక్కడే వేస్తే మొత్తం ఆ ఒక్కడిదే తింటాయి.

ఆ డీలరు దగ్గరున్న రాగుల సంచి మీద చిరునామా చూశాను. బెంగుళూరు వైపు ఊరు. సరే, అక్కడి రైతూ రైతే. కానీ రాగి పండే సీమకు రాగి వేరే రాష్ట్రం నుంచి వస్తోందంటే, "రైతుకు ధర" అని నేను చెప్పుకుంటూ వచ్చిన రెండో లాభం ఏ రైతుది?

సన్నబియ్యం దగ్గర నా వాదన తడబడింది

ఇదంతా రాస్తూ తెలంగాణ సన్నబియ్యం సంగతి దాటవేస్తే మోసం చేసినట్టు అవుతుంది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోలు. దానికి ముందే సన్న వడ్లు పండించిన రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చారు. పక్క ఊరి పొలంలో పండినవి కొని ఆ రాష్ట్రం జనానికే పెట్టారు. నేను కోరే స్థానిక ఆహారం అంటే ఇదే కదా! కాకపోతే నేను కోరుకున్న గింజ కాదు. నిగనిగలాడే తెల్ల బియ్యం. షుగరు డాక్టరు వద్దనేది.

హైదరాబాద్‌లో మా ఇంట్లో పనిచేసే ఆమె ఇంతకుముందు దొడ్డు రేషన్ బియ్యం నెల తిరగకుండా అమ్మేసేది. ఆమెనేం అనను. ఇంటింటికీ వచ్చి పది పన్నెండు రూపాయలకు కొనుక్కుపోయేవాళ్లు వీధి వీధికీ ఉండేవారు. ఆ బియ్యమే చుట్టూ తిరిగి ఎక్కడ తేలేదో 2024 చివర్లో ఎగుమతి ఓడలో రేషన్ బియ్యం దొరికిన కాకినాడ రేవు గొడవలో అందరం చూశాం. సన్నబియ్యం వచ్చాక ఆమె అమ్మడం మానేసింది. "మేము కూడా మీరు తినేవే తింటున్నాం మేడం" అంది. ఆ మాటకు చిరుధాన్యాల ఉపన్యాసం ఇచ్చే ధైర్యం నాకు లేదు. తరతరాలుగా దొడ్డు గింజ, మొరటు గింజ, నల్ల గింజ ఎవరి కంచంలో పడిందో వాళ్లకు తెలుసు. సన్న గింజ ఇప్పుడిప్పుడే చేతికొచ్చింది, ఇంతలోనే "మంచిది కాదు, రాగులు తినండి" అంటే వినేవాళ్లకు ఎలా ఉంటుంది?

వదిన కూడా అదే అంది. ఆంధ్రలో 2025 జూన్ నుంచి బడులకు సన్నబియ్యం ఇస్తున్నారు. "డ్రమ్ములో పారేసేది సగానికి సగం తగ్గింది" అంది. పారేసిన అన్నంలో పోషకాలెన్ని ఉంటే ఏం లాభం.

కాబట్టి ఈ విషయంలో నేను ఓడిపోయాను, సంతోషంగానే. కాకపోతే ఆ ఓటమి నుంచే నాకు ఒకటి దొరికింది. తెలంగాణ రైతు సన్న రకాలకు మళ్లింది ఎవరో చెబితే కాదు, 500 రూపాయలు ఖాతాలో పడతాయని. కొనేవాడు మారితే పొలం మారుతుంది, పొలం మారితే నెమ్మదిగా పళ్లెం మారుతుంది. ఈ వరసను తిరగేసి, ముందు తినేవాడి నాలుక మార్చాలని చూసిన ప్రతిచోటా సంచులు మూలనే ఉన్నాయి.

సుగ్గికి పోయినవాళ్లు

ఇంకొక చిక్కు ఉంది, ఇది నాకు అన్న గుర్తు చేశాడు. మా వైపు మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు సుగ్గికి పోతాయి. మూడు నాలుగు నెలలు అక్కడే పాకలు వేసుకుని ఉంటారు. కార్డు ఎక్కడైనా చెల్లుతుంది గనక అక్కడే బియ్యం తీసుకుంటున్నారు. ఇది చిన్న మేలు కాదు. అది సాధ్యమైందే బియ్యం అన్నిచోట్లా ఒకటే గనక. కర్నూలు కార్డుకు జొన్న, చిత్తూరు కార్డుకు రాగి అని విడదీస్తే గుంటూరు డీలరు ఏం ఇస్తాడు? ఇచ్చినా, పొలం గట్టు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకున్న మనిషి జొన్నలు ఎక్కడ ఆడించుకుంటుంది?

ఇందుకే రేషన్ కార్డు గింజ జోలికి పోకండి, దాన్ని అలాగే వదిలేయండి అనే దాకా వచ్చాను నేను. ఇష్టమైనవాళ్లకు రాగులు, జొన్నలు ఇస్తున్నారు, ఇవ్వనివ్వండి. నా పట్టు అంతా బడి, అంగన్‌వాడీ మీద. అక్కడ పొయ్యి కదలదు. వండే మనిషి ఉంది. తినేవాళ్లు రోజూ ఎంతమందో తెలుసు. వారంలో ఏ రోజు ఏ కూర ఎన్ని కిలోలు కావాలో సంవత్సరం ముందే చెప్పొచ్చు. ఇంతకంటే నమ్మకమైన బేరం ఏ రైతుకు దొరుకుతుంది? ఆ వంటమనిషి చేతిలో ఒక నెల డబ్బు ముందుగా పెట్టండి. మా బడికైతే తొమ్మిది పదివేలు. అందులో నాలుగో వంతైనా మండలంలో పండినదానికే ఖర్చుపెట్టాలని రాయండి. నేను అడిగేది ఇంతే.

ఈ మాట ఊళ్లో ఒక రిటైరైన టీచరు గారితో అంటే ఆయన నవ్వారు. "ముందు డబ్బిస్తే కొనేది సర్పంచి బామ్మర్ది తోటలోనే" అన్నారు. నిజమే, అలా కూడా జరగొచ్చు. ఇంకొకటి కూడా అన్నారు. "గంపలో ఆకుకూర అమ్మే ఆమె నీకు బిల్లు ఎక్కడిస్తుంది? ఆడిట్‌కు కాగితం కావాలి. శెట్టి దగ్గర బిల్లు బుక్కు ఉంది." దీనికి నేను తడుముకున్నాను. మహిళా సంఘం పేరున ఒక రసీదు పుస్తకం ఉంటే చాలదా అన్నాను. చాలొచ్చు. చాలకపోవచ్చు. ఆడిట్ అబ్బాయి మంచివాడైతే చాలుతుంది అన్నారాయన. పల్లెటూరిలో చాలా పథకాల తలరాత ఇలా ఒక మనిషి మంచితనం మీదే వేలాడుతుంది, అది నాకు నచ్చదు, కానీ దొంగ కొనుగోలు జరుగుతుందేమోనన్న భయంతో ఊళ్లో కొనడమే మానేస్తే, ఆ దొంగతనం ఇంకా పెద్ద టెండర్లో, మన కంటికి కనపడనంత దూరంలో జరుగుతుంది. బామ్మర్ది తోట అయితే ఊరందరికీ తెలుస్తుంది. కనీసం తిట్టుకుంటారు.

పురుగు సంగతి, తూకం సంగతి, వాన లేని ఏడాది ఏం చేయాలన్న సంగతి, ఇవన్నీ ఉన్నాయి. కరువు ఏడాది మండలంలో ఏమీ పండకపోతే శెట్టి ఉర్లగడ్డలే గతి, అప్పుడు ఆయనకు దండం పెడదాం.

ఇక ఆ రెండు కిలోల రాగులు. అమ్మ మరుసటి రోజే కడిగి, ఎండబెట్టి, పిండి మిషన్ దగ్గరకు తీసుకుపోయింది. మిషనతను చూసి "రెండు కిలోలకు రాయి తిప్పనుమా. కారం ఆడించిన దాంట్లో వేస్తే మంట, కడగాలంటే పిండి అంతా రాయికే పోతాది. ఐదు కిలోలు తే" అన్నాడు. తిరగలి మా ఇంట్లో ఉంది గాని పెరట్లో బట్టలు ఉతికే బండకు ఊతంగా ఉంది. రాగులు స్టీలు డబ్బాలో పోసి అటక మీద పెట్టింది. నేను హైదరాబాద్ వచ్చేశాను.

మొన్న ఫోన్లో అడిగాను. డబ్బా అక్కడే ఉందట. "ఎదురింటామె కూడా ఈ నెల రెండు కిలోలు తీసుకుందంట. ఇంకెవురన్నా ఒక కిలో కలిస్తే మిషనోన్ని అడగల్ల" అంది.